డిజిటల్ పఠన సాధనాలు – విదేశీ భాషాభ్యాసం

విదేశీ భాషలోని పాఠ్యాన్ని తెర మీద చదివేటప్పుడు తెలియని మాటకు అర్థం, ఉచ్చారణ, వ్యాకరణ వివరం అక్కడికక్కడే చూపి, చదువు ఆగిపోకుండా ముందుకు సాగేలా తోడ్పడే సాఫ్ట్‌వేర్లనూ పరికరాలనూ డిజిటల్ పఠన సాధనాలు అంటారు. బ్రౌజర్‌లో పనిచేసే పాప్-అప్ నిఘంటువులు, నిఘంటువు కలిసి ఉన్న ఈ-బుక్ రీడర్లు, పాఠకుడికి వచ్చిన మాటల లెక్క ఉంచే పఠన యాప్‌లు, కెమెరాతో అక్షరాలను గుర్తుపట్టే సాధనాలు, శబ్దాన్నీ పాఠ్యాన్నీ జతపరిచే ప్లేయర్లు ఈ కోవలోకి వస్తాయి.

పాఠాలు, అభ్యాసాలు, పరీక్షలతో భాష నేర్పే యాప్‌లు వేరే వర్గం. అవి చదవవలసినదాన్ని కూడా తామే తయారుచేసి ఇస్తాయి. పఠన సాధనం అలా ఇవ్వదు. ఆ భాషవాళ్ళు తమ కోసం రాసుకున్న కథనో, వార్తనో, నవలనో నేర్చుకునేవారికి అందేలా చేస్తుంది. పూర్తి అనువాదం కూడా ఈ కోవలోనిది కాదు (చూ. యంత్రానువాదం). అనువాదంలో మూలం కనుమరుగవుతుంది, పఠన సాధనంలో మూలం కళ్ళెదుటే ఉంటుంది. ఈ సాధనాల చరిత్రలో పెద్ద భాగం జపనీస్ నేర్చుకునేవారి చుట్టూ నడిచింది కాబట్టి ఈ వ్యాసంలో ఆ భాష ఉదాహరణలు ఎక్కువ.

పూర్వరంగం: టీకా, వరుస అర్థం, ఎదురుపేజీ

చదివేవారి పక్కనే అర్థాన్ని నిలబెట్టే పద్ధతి కంప్యూటర్ కంటే చాలా పాతది. తరతరాల తెలుగు విద్యార్థులు సంస్కృత కావ్యాలను ప్రతిపదార్థ తాత్పర్యాలతోనే చదువుకున్నారు. మద్రాసులోని వావిళ్ళ రామస్వామిశాస్త్రులు అండ్ సన్స్ వంటి ప్రచురణ సంస్థలు తెలుగు లిపిలో శ్లోకం, దాని కింద అన్వయక్రమంలో పదం వెంట పదానికి అర్థం, ఆపైన తాత్పర్యం వేసి ఆ పుస్తకాలను ఇంటింటికీ చేర్చాయి. గురువు దగ్గర లేనప్పుడు కూడా చదువు సాగడానికి చేసిన ఏర్పాటు అది.

యూరప్‌లో 19వ శతాబ్దం మొదట్లో జేమ్స్ హామిల్టన్ ప్రచారం చేసిన పద్ధతిలో లాటిన్, గ్రీకు, ఫ్రెంచ్ వాక్యాల కింద పదానికి పదంగా ఇంగ్లీషు అర్థం ఉండేది. 1911లో జేమ్స్ లోబ్ నెలకొల్పిన లోబ్ క్లాసికల్ లైబ్రరీలో ఎడమ పేజీలో గ్రీకు లేదా లాటిన్ మూలం, కుడి పేజీలో ఆంగ్లానువాదం ఉంటాయి. గ్రీకు పుస్తకాలకు పచ్చ అట్ట, లాటిన్‌కు ఎర్ర అట్ట.

మరో దారిలో పాఠ్యాన్నే తేలిక చేశారు. ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసిన మైకేల్ వెస్ట్, బెంగాలీ విద్యార్థులకు అన్నిటికంటే ముందు అవసరమైనది ఇంగ్లీషు చదవగలగడమేనని గుర్తించి, 1920లలో పరిమిత పదజాలంతో వాచకాలు తయారుచేశారు. కొత్త మాటను అరుదుగా తేవడం, తెచ్చినదాన్ని మళ్ళీ మళ్ళీ కనిపించేలా చేయడం ఆయన పాటించిన సూత్రం. 1953లో వెలువడిన ఆయన సాధారణ పదాల పట్టిక చాలాకాలం ఇంగ్లీషు బోధనకు ఆధారంగా నిలిచింది. నేటి యాప్‌లలో కనిపించే స్థాయిల వారీ కథలకు మూలం ఈ వాచకాలే.

తెర మీదికి: 1971–2007

ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మైకేల్ హార్ట్ 1971లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను కంప్యూటర్‌లోకి ఎక్కించడంతో ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ మొదలైంది. అది భాషాభ్యాసం కోసం పెట్టింది కాకపోయినా, కాపీరైటు తీరిన సాహిత్యాన్ని యంత్రం చదవగలిగే రూపంలో ఉచితంగా ఉంచడం తర్వాతి సాధనాలన్నిటికీ ముడిసరుకు సమకూర్చింది.

భాష నేర్చుకునేవారి అవసరాన్ని నేరుగా పట్టించుకున్న తొలి పెద్ద ప్రయత్నం పెర్సియస్. గ్రెగరీ క్రేన్ నాయకత్వంలో 1980లలో హార్వర్డ్‌లో రూపుదిద్దుకున్న ఈ ప్రాచీన గ్రీకు పాఠ్యాల డిజిటల్ గ్రంథాలయం తొలి సంచిక 1992లో సీడీ-రామ్‌గా వచ్చింది. ఆ తర్వాత టఫ్ట్స్ విశ్వవిద్యాలయం దాని నివాసమైంది. ప్రాచీన గ్రీకులో ఒక్క క్రియకు వందల రూపాలుంటాయి. పాఠ్యంలో కనిపించిన రూపం నిఘంటువులో ఏ ఆరోపం (పద నమోదు) కింద వెతకాలో తెలియక విద్యార్థులు ఆగిపోయేవారు. పెర్సియస్‌లోని పదరూప విశ్లేషకం నొక్కిన మాట ఏ ధాతువుదో, ఏ కాలమో, ఏ పురుషో చెప్పి నిఘంటువు పుటకు తీసుకెళ్ళేది. మాటను నొక్కడం, మూలరూపం తేల్చడం, అర్థం చూపడం అన్న మూడు మెట్లు అప్పుడే స్థిరపడ్డాయి.

2007 నవంబరులో అమెజాన్ కిండిల్ వచ్చింది. ఎలక్ట్రానిక్ సిరాతో కళ్ళకు శ్రమ తగ్గించే తెర, లోపలే ఒక నిఘంటువు దీని ప్రత్యేకతలు. అదే ఏడాది పుస్తకాల కోసం ఈపబ్ అనే ఉమ్మడి ఫైలు పద్ధతి కూడా ప్రమాణమైంది. 2013 నాటి కిండిల్ పేపర్‌వైట్‌తో చూసిన మాటలన్నిటినీ దాచి, తర్వాత పునశ్చరణకు ఇచ్చే సౌకర్యం చేరింది.

జపనీస్: ఒక భాష కథ

జపనీస్ రాతలో రెండు ధ్వని లిపులతో పాటు చీనా నుంచి వచ్చిన కాంజీ గుర్తులు కలిసి వస్తాయి. 2010లో సవరించిన అధికారిక నిత్యోపయోగ పట్టికలోనే 2,136 కాంజీలున్నాయి. తెలియని కాంజీ ఎదురైతే దాన్ని ఎలా పలకాలో రాత చెప్పదు. పలకడం తెలియకపోతే అకారాది నిఘంటువులో వెతకలేం. కాగితం నిఘంటువులో ముందు ఆ గుర్తులోని మూలభాగాన్ని 214 సంప్రదాయ మూలభాగాల్లోంచి పోల్చుకోవాలి. మిగిలిన గీతలు లెక్కపెట్టాలి. ఆ లెక్క కింద ఉన్న గుర్తుల్లో మనది ఏదో చూడాలి. చివరికి ఆ గుర్తుతో మొదలయ్యే సమాసాల్లో మన మాట కోసం గాలించాలి. గీతల లెక్క ఒకటి తప్పితే మళ్ళీ మొదటికి రావాలి. ఒక్క మాటకే ఇంత పని కాబట్టి నవల చదవడం నిపుణులకే సాధ్యమనే భావన ఉండేది.

ఈ పరిస్థితిని మార్చింది ఒక నిఘంటువు. మెల్‌బోర్న్‌లోని మొనాష్ విశ్వవిద్యాలయానికి చెందిన జిమ్ బ్రీన్ 1991లో ఎడిక్ట్ అనే జపనీస్-ఇంగ్లీషు పదకోశాన్ని సాదా ఫైలుగా రూపొందించి, ఎవరైనా వాడుకునేలా పంచిపెట్టారు. ప్రపంచం నలుమూలల నుంచి స్వచ్ఛందంగా మాటలు చేర్చేవారు, దిద్దేవారు కలిశారు. అదే తర్వాత జేఎండిక్ట్‌గా పెరిగి సుమారు 2 లక్షల ఆరోపాలకు చేరింది. జపనీస్ నేర్చుకునేవారి ఫోన్లలోని ఉచిత నిఘంటువు యాప్‌లు దాదాపు అన్నీ దీని మీదే నిలిచాయి. యాప్‌ల పేర్లు తెలిసినంతగా ఈ పదకోశం పేరు తెలియదు. అయినా ఈ రంగంలో అన్నిటికంటే విలువైన పని ఇదేనని చెప్పడం అతిశయోక్తి కాదు.

2000 దశకంలో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు రికాయ్‌చాన్ అనే ఎక్స్‌టెన్షన్ వచ్చింది. మౌస్‌ను మాట మీద ఉంచితే చాలు, చిన్న పెట్టెలో ఉచ్చారణ, అర్థం కనిపించేవి. తర్వాత యోమిచాన్ వచ్చి, ఒకేసారి పలు నిఘంటువులు చూపడం, ఉచ్చారణ వినిపించడం, ఒక్క నొక్కుతో ఫ్లాష్ కార్డు తయారుచేయడం చేర్చింది. 2023లో దాని అభివృద్ధి ఆగిపోగా, కోడ్ అందరికీ తెరిచి ఉన్నందువల్ల యోమితాన్ పేరుతో ఇతరులు కొనసాగించారు.

చదవడానికి పుస్తకాలు అందించినది అఒజోరా బుంకో. 1997లో స్వచ్ఛంద సేవకులు మొదలుపెట్టిన ఈ గ్రంథాలయంలో కాపీరైటు తీరిన రచనలు పదిహేను వేలకు పైగా ఉన్నాయి. నత్సుమే సోసెకి, అకుతగవ ర్యునొసుకె, మియజవ కెంజి, దజాయ్ ఒసాము రచనలు అక్కడ ఉచితంగా చదవవచ్చు. కఠినమైన కాంజీ ఉచ్చారణను కూడా పాఠ్యంలోనే గుర్తు పెట్టి ఉంచుతారు. రచయిత మరణించిన 50 ఏళ్ళకు తీరిపోయే కాపీరైటును జపాన్ 2018 డిసెంబరు చివర 70 ఏళ్ళకు పెంచింది. 1970లో మరణించిన మిషిమ యుకియో రచనలు 2021 మొదట్లో అందరివీ కావలసింది. ఇప్పుడు 2041 దాకా ఆగాలి. సాంకేతికత ఎంత ముందుకు వెళ్ళినా చదవడానికి ఏది దొరుకుతుందో నిర్ణయించేది చట్టమేనని ఈ ఉదాహరణ చూపిస్తుంది.

పనితీరు

పాప్-అప్ నిఘంటువు లోపల జరిగే పని భాషను బట్టి మారుతుంది. ఖాళీలు వదిలి రాసే భాషల్లో మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలిసిపోతుంది. జపనీస్‌లో, చైనీస్‌లో మాటల మధ్య ఖాళీ ఉండదు. రికాయ్‌చాన్ తరహా సాధనం మౌస్ ఉన్న అక్షరం నుంచి ముందుకు కొన్ని అక్షరాలు తీసుకుని, మొత్తం నిఘంటువులో ఉందేమో చూస్తుంది. లేకపోతే చివరి అక్షరం తీసేసి మళ్ళీ చూస్తుంది. ఇలా కుదించుకుంటూ దొరికిన అతి పొడవైన మాటను ముందు చూపుతుంది. మేకాబ్ వంటి పదరూప విశ్లేషకాలు దీనికి భిన్నంగా వాక్యమంతటినీ చూసి, ఏ విభజన ఎక్కువ సంభావ్యమో లెక్కకట్టి తేలుస్తాయి.

తర్వాతిది మూలరూపం తేల్చడం. 'తబెసాసెరారెత' అనే రూపం నిఘంటువులో ఉండదు. చివరి 'త' భూతకాలం. అది తీస్తే 'తబెసాసెరారెరు'. అందులో 'రారెరు' కర్మణి. అది తీస్తే 'తబెసాసెరు'. అందులో 'సాసెరు' ప్రేరణార్థకం. అది తీస్తే 'తబెరు', అంటే తినడం. ఎవరో బలవంతపెడితే తినవలసి వచ్చిందని మొత్తం అర్థం. మంచి సాధనం తుది అర్థంతో ఆగక ఈ మెట్లన్నిటినీ పెట్టెలో చూపుతుంది. పదే పదే చూసే అభ్యాసకుడికి వ్యాకరణం అలా పరిచయమవుతుంది.

మాటకు మాట చూసే పద్ధతి కొన్ని చోట్ల తప్పుదారి పట్టిస్తుంది. జర్మన్‌లో 'ఎర్ రూఫ్ట్ హోయ్టె ఆబెంట్ జైనె ముట్టర్ ఆన్' అంటే ఈ సాయంత్రం వాళ్ళమ్మకు ఫోన్ చేస్తాడని అర్థం. 'రూఫ్ట్' మీద నొక్కితే చాలా సాధనాలు 'రూఫెన్' చూపి, కేకవేయడం, పిలవడం అని చెబుతాయి. వాక్యం చివర విడిగా నిలిచిన 'ఆన్' దీనికి చెందిన ముక్క. రెండూ కలిస్తేనే 'ఆన్‌రూఫెన్', ఫోన్ చేయడం. వాక్య నిర్మాణాన్ని విశ్లేషించే సాధనాలు మాత్రమే ఈ రెంటినీ కలిపి చూడగలవు.

అరబ్బీ చిక్కు ఇంకో రకం. మామూలు రాతలో హ్రస్వాచ్చులు రాయరు. కతబ (రాశాడు), కుతిబ (రాయబడింది), కుతుబ్ (పుస్తకాలు) అనే మూడు మాటలూ అచ్చు గుర్తులు లేకుండా ఒకేలా కనిపిస్తాయి. సాధనం మూడింటినీ చూపి ఊరుకుంటే, ఎంచుకునే భారం చదివేవారిదే. జపనీస్‌లో కూడా ఒకే కాంజీల జంట సందర్భాన్ని బట్టి 'క్యో' (ఈరోజు) అనో 'కొన్నిచి' (ఈ కాలంలో) అనో పలుకుతుంది. చదివేవారి బుద్ధికి పని పూర్తిగా తప్పదు.

రకాలు

పాప్-అప్ నిఘంటువులు, ఈ-బుక్ రీడర్లు పైన ప్రస్తావనకు వచ్చాయి. మూడో రకం పదలెక్క ఉంచే పఠన యాప్‌లు. 2007లో స్టీవ్ కౌఫ్‌మన్ కెనడాలో స్థాపించిన లింగ్‌క్ వీటిలో ప్రసిద్ధం. పాఠ్యాన్ని అందులోకి ఎక్కించగానే కొత్త మాటలు ఒక రంగులో, నేర్చుకుంటున్నవి మరో రంగులో కనిపిస్తాయి. వచ్చేసిన మాటలకు రంగు ఉండదు. పేజీ తెరవగానే అది తన స్థాయికి తగినదో కాదో రంగుల సాంద్రతే చెబుతుంది. రీడ్‌లాంగ్, కోడ్ తెరిచి ఉంచిన లెర్నింగ్ విత్ టెక్స్ట్స్, దాని బాటలో వచ్చిన లూట్ కూడా ఈ రకమే. వీటిలో నమోదైన పదాల సంఖ్యను భాషా సామర్థ్యంగా పొరబడే అవకాశం ఉంది. రూపానికి ఒక్కటిగా లెక్కించే యాప్‌లో 'వెళ్ళాను', 'వెళ్ళావు', 'వెళ్ళాడు' మూడు మాటలు అవుతాయి. కాబట్టి భాషల మధ్య ఈ సంఖ్యలను పోల్చలేం.

నాలుగోది అక్షర గుర్తింపు (చూ. ఓసీఆర్). హ్యూలెట్-ప్యాకార్డ్‌లో 1985–94 మధ్య అభివృద్ధి చేసిన టెసరాక్ట్ 2005లో అందరికీ తెరిచిన సాఫ్ట్‌వేర్ అయింది. 2010లో వచ్చిన వర్డ్ లెన్స్ బోర్డు మీది మాటలను కెమెరా తెర మీదే అనువదించి చూపింది. దాన్ని తయారుచేసిన సంస్థను గూగుల్ 2014లో కొన్నది. చైనీస్ విద్యార్థులు విడవకుండా వాడే ప్లెకో, పామ్ చేతిపరికరాల కాలంలో పుట్టి, స్మార్ట్‌ఫోన్లలో కెమెరా గుర్తింపును చేర్చుకుంది. కాగితం పుస్తకాన్ని, దుకాణం బోర్డును, మందుల డబ్బాను కూడా చదవదగ్గ పాఠ్యంగా మార్చడం ఈ రకం చేసిన మేలు.

శబ్దం జతచేసే సాధనాల అవసరం రాతకూ పలుకుకూ దూరం ఎక్కువున్న భాషల్లో బాగా తెలుస్తుంది. ఫ్రెంచ్‌లో 'పార్లె' క్రియకు వర్తమానంలో నేను, నువ్వు, వాళ్ళు అనే మూడు కర్తలకూ రాతలో వేర్వేరు ముగింపులున్నా పలుకు ఒక్కటే: 'పార్ల్'. కంటితో మాత్రమే చదివి నేర్చినవారు ఆ ముగింపులను పలికే ప్రమాదం ఉంది. 2005లో మొదలైన లిబ్రివాక్స్‌లో స్వచ్ఛంద సేవకులు చదివిన పుస్తకాలను గుటెన్‌బర్గ్ పాఠ్యంతో జతచేసి చాలామంది వాడుకుంటారు. సినిమాల ఉపశీర్షికలను రెండు భాషల్లో చూపి, ప్రతి మాటనూ నొక్కనిచ్చే ఎక్స్‌టెన్షన్లు దీనికి దగ్గరి బంధువులు.

జ్ఞాపకానికి తోడు: విరామ పునశ్చరణ

చూసిన మాట గుర్తుండాలంటే మళ్ళీ ఎదురుకావాలి. మరచిపోయే వేగాన్ని హెర్మన్ ఎబింగ్‌హౌస్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకుని కొలిచారు. జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ 1972లో అరల పెట్టెలో కార్డులు ముందుకూ వెనక్కూ జరిపే పద్ధతిని ప్రచారం చేశారు. పోలండ్‌లో ప్యోటర్ వొజ్నియాక్ 1987లో పునశ్చరణ విరామాలను కంప్యూటర్ లెక్కగా మార్చి సూపర్‌మెమో రూపొందించారు. డామియెన్ ఎల్మ్స్ 2006లో విడుదల చేసిన అంకి ఆ లెక్కను ఉచితంగా అందరికీ అందించింది. 'అంకి' అంటే జపనీస్‌లో కంఠస్థం.

పఠన సాధనం నుంచి మాటను, అది కనిపించిన వాక్యంతో సహా కార్డుగా పంపుకోవడం ఇప్పుడు మామూలు అలవాటు. విడి మాట కంటే వాక్యంతో ఉన్న కార్డు మేలు, ఎందుకంటే సందర్భమే అర్థాన్ని నిలుపుతుంది. చూసిన ప్రతి మాటనూ కార్డు చేస్తే రోజువారీ పునశ్చరణే చదువు సమయాన్ని తినేస్తుంది. అనుభవజ్ఞులు రెండోసారి, మూడోసారి ఎదురైన మాటలకే కార్డు చేయమంటారు.

పరిశోధనలు ఏమంటున్నాయి

మొదటి ప్రశ్న: ఎంత తెలిస్తే చదవగలం? న్యూజిలాండ్ భాషావేత్త పాల్ నేషన్, ఆయన సహచరుల అంచనా ప్రకారం, సాయం లేకుండా హాయిగా చదవాలంటే పాఠ్యంలోని మాటల్లో 98 శాతం తెలిసి ఉండాలి. అంటే ప్రతి 50 మాటల్లో కొత్తది ఒక్కటే. బాట్యా లౌఫర్ 1989లో 95 శాతం చాలన్నారు. 250 మాటల పేజీలో మొదటి లెక్కకు అయిదు కొత్త మాటలు, రెండో లెక్కకు పన్నెండు. ఇంగ్లీషు నవలలకూ పత్రికలకూ 98 శాతం చేరాలంటే 8,000 నుంచి 9,000 పదకుటుంబాలు రావాలని నేషన్ 2006లో లెక్కకట్టారు. పఠన సాధనం ఈ హద్దును కిందికి దించుతుంది. పదో వంతు మాటలు తెలియకపోయినా చదువు నడుస్తుంది. సగం తెలియనప్పుడు మాత్రం ఏ సాధనమూ దాన్ని చదువుగా మార్చలేదు. అది పొడుపుకథ విప్పడమే అవుతుంది.

రెండో ప్రశ్న: అర్థం చూపితే నేర్చుకుంటారా? డొరొతీ చున్, యాన్ ప్లాస్ 1996లో ప్రచురించిన అధ్యయనాల్లో, అమెరికన్ విద్యార్థులు జర్మన్ కథను కంప్యూటర్ మీద చదివారు. మాటకు అర్థంతో పాటు బొమ్మ చూపినప్పుడు, అర్థం ఒక్కటే చూపినప్పటి కంటే, వీడియో కలిపినప్పటి కంటే కూడా మాటలు ఎక్కువగా గుర్తున్నాయి. హుల్‌స్టైన్, హొలాండర్, గ్రైడానుస్ అదే ఏడాది తమ పరిశోధనలో పుట అంచున అర్థం ఇచ్చినవారే నిఘంటువు చేతికిచ్చినవారి కంటే ఎక్కువ నేర్చుకున్నారని చూపారు. నిఘంటువు ఉన్నవారు దాన్ని తెరిచిందే తక్కువ. వెతకడం సులువైతే వెతుకుతారు అన్నది ఇక్కడ తేలిన సంగతి. పాప్-అప్ నిఘంటువుకు ఇంతకంటే బలమైన సమర్థన లేదు.

దీనికి ఎదురు వాదమూ గట్టిదే. లౌఫర్, హుల్‌స్టైన్ 2001లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం మాట గుర్తుండడం దాని మీద పెట్టిన శ్రమను బట్టి ఉంటుంది: అవసరపడడం, వెతకడం, సందర్భానికి సరిపడేది తూచి ఎంచుకోవడం. పాప్-అప్ పెట్టె వెతకడాన్ని దాదాపు తీసేస్తుంది. ముందే సందర్భాన్ని బట్టి ఒకే అర్థం ఇస్తే ఎంచుకోవడమూ పోతుంది. అందుకే కొందరు బోధకులు వాక్యం చివరిదాకా చదివి, ఊహించి, ఆ తర్వాతే నొక్కమంటారు. పలు అర్థాలు చూపి ఎంచుకోనిచ్చే నిఘంటువు ఒకే అర్థం చూపేదాని కంటే నేర్చుకునేవారికి మేలని ఈ సిద్ధాంతం నుంచి తేలుతుంది.

విరివిగా చదవడమే భాష వచ్చే దారి అన్న స్టీఫెన్ క్రాషెన్ వాదన ఈ సాధనాల వాడకందారుల్లో బాగా పాతుకుపోయింది. అర్థమవుతూ, ఉన్న స్థాయికి ఒక మెట్టు పైన ఉన్న భాష చెవినో కంటినో పడితే చాలన్నది ఆయన మాట. మాట్లాడడం, రాయడం కూడా సాధన చేయాల్సిందేనని వాదించే పరిశోధకులు తక్కువేమీ కాదు.

యంత్రానువాదం, భాషా నమూనాలు

గూగుల్ అనువాద సేవ 2006లో మొదలై, 2011లో తెలుగును చేర్చుకుంది. 2017లో తెలుగుకు న్యూరల్ పద్ధతి వచ్చాక వాక్యాలు గణనీయంగా మెరుగుపడ్డాయి. పఠన సాధనాలు ఇప్పుడు పదార్థం పక్కనే వాక్యానువాదమూ ఇస్తున్నాయి. 2022 చివర చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి వాక్యాన్ని విడదీసి వివరించమని అడగడం, కథను తక్కువ స్థాయికి తిరగరాయించుకోవడం సాధ్యమైంది. జర్మన్ విడి ముక్కల క్రియలు, అరబ్బీ అచ్చులు వంటి చోట్ల ఈ నమూనాలు పాత నిఘంటువు పద్ధతి కంటే బాగా పనిచేస్తాయి. తప్పు చెప్పినప్పుడు కూడా అంతే ధీమాగా చెబుతాయి. దాన్ని పట్టుకోగల స్థాయి నేర్చుకునేవారికి ఇంకా రాదు. నిఘంటువు ఆరోపాన్ని ఒకరు రాసి, మరొకరు సరిచూసి ఉంటారు. అందుచేత నమూనా వివరణను నిఘంటువుతో పోల్చి చూసుకోవడం అవసరం.

అడ్డంకులు

కొన్న ఈ-పుస్తకానికి నకలు తీయనీయని తాళం ఉంటే బయటి నిఘంటువులు దాన్ని తాకలేవు. అమ్మినవారి యాప్‌లో ఉన్న నిఘంటువుతోనే సరిపెట్టుకోవాలి. సేవ మూతపడితే ఏళ్ళ తరబడి కూర్చుకున్న పదాల జాబితా పోతుంది కాబట్టి బయటికి తీసుకోగల సాధనాన్నే ఎంచుకోవడం మంచిది. ఏ మాట దగ్గర ఎంతసేపు ఆగామన్న వివరమంతా సంస్థల సర్వర్లలో చేరవచ్చు. పుస్తకం అట్టల మధ్య చదివే చదువుకు ఈ బెడద లేదు.

తెలుగువారి వాడకం

జర్మనీలో చదువుకు వెళ్ళేవారు, జపాన్ ఉద్యోగాలకు సిద్ధమయ్యేవారు, గల్ఫ్‌లో పనిచేసేవారు తెలుగువారిలో వేలల్లో ఉన్నారు. హైదరాబాద్‌లోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో విదేశీ భాషలు డిగ్రీ స్థాయిలో బోధిస్తారు. 1958లో ఇంగ్లీషు బోధన కోసం పెట్టిన కేంద్ర సంస్థ 2007లో ఈ పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. నగరంలో గోథె-జెంట్రుమ్ జర్మన్ నేర్పుతుంది. ఇలాంటి చోట్ల చదివేవారు వాడే పఠన సాధనాల్లో ఎక్కువవాటిలో అర్థాలు ఇంగ్లీషులో ఉంటాయి. జేఎండిక్ట్‌లో ఇంగ్లీషుతో పాటు జర్మన్, ఫ్రెంచ్, రష్యన్, డచ్ వంటి భాషల్లో అర్థాలు చేరాయి, తెలుగులో చేరలేదు.

ఇంగ్లీషు మీదుగా వెళ్ళడం ఇంగ్లీషు బాగా వచ్చినవారికి పెద్ద ఇబ్బందిగా తోచదు. నష్టం మాత్రం ఉంది. 'వతాషి-గ కినో కత్త హొన్' అన్నది వరుసగా 'నేను నిన్న కొన్న పుస్తకం'. ఒక్క మాటా స్థానం మారదు. విశేషణంలా క్రియ నామానికి ముందు రావడం, విభక్తి మాట వెనక రావడం, క్రియ చివరికి రావడం రెండు భాషల్లోనూ ఒకే తీరు. ఇంగ్లీషు వివరణ 'పుస్తకం'తో మొదలుపెట్టి వెనక్కి నడుస్తుంది. తెలుగు పిల్లవాడికి సహజంగా అందే వాక్యాన్ని ముందు తలకిందులు చేసి, మళ్ళీ నిలబెట్టి అర్థం చేసుకోవలసి వస్తుంది. తెలుగు అర్థాలతో ఒక ఉచిత జపనీస్ పదకోశం తయారైతే ఈ చుట్టుతిరుగుడు తప్పుతుంది. జేఎండిక్ట్ అలాంటి పనికి వాడుకోవడానికి అనుమతి ఉన్న పదకోశమే.

తెలుగు నేర్చుకునేవారికి

తెలుగును పరభాషగా నేర్చుకునేవారికి, ప్రవాసంలో పెరిగిన తెలుగు పిల్లలకు ఉన్న సాధనాలు తక్కువ. సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు, 1991లో అచ్చయిన జె.పి.ఎల్. గ్విన్ నిఘంటువు షికాగో విశ్వవిద్యాలయం వారి దక్షిణాసియా డిజిటల్ నిఘంటువుల్లో వెతకవచ్చు. ఆంధ్రభారతి పలు నిఘంటువులను ఒకేచోట వెతకనిస్తుంది. 2015లో ప్రథమ్ బుక్స్ మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో స్థాయిల వారీ తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి.

వీటిని కలిపే పదరూప విశ్లేషణ మాత్రం వాడుకలోకి రావలసినంతగా రాలేదు. 'ఇంట్లోంచి' అని నొక్కితే 'ఇల్లు' దగ్గరికి, 'చేయించుకోలేకపోయాను' అని నొక్కితే 'చేయు' దగ్గరికి తీసుకెళ్ళే సాధనం కావాలి. ఈ రూపాలు 'తబెసాసెరారెత' కంటే కష్టమైనవేమీ కావు. సంధి కలిసిన చోట అదనపు చిక్కు ఉంటుంది, దానికీ దారి ఉంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అంబా కులకర్ణి బృందం రూపొందించిన సంసాధనీ సంస్కృత వాక్యంలో సంధి విడదీసి, విభక్తులు తేల్చి, అన్వయం చూపుతుంది. పాత తెలుగు ఫైళ్ళది మరో సమస్య. యూనికోడ్ 1991 నుంచి తెలుగుకు సంకేతాలు కేటాయించినా, అచ్చు రంగం చాలాకాలం సొంత ఫాంట్లనే వాడింది. ఆ ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌లో కంటికి చక్కటి తెలుగు కనిపిస్తుంది. మాటను నొక్కి కాపీ చేస్తే రోమన్ అక్షరాల గజిబిజి వస్తుంది. నిఘంటువు దాంట్లో ఏమీ వెతకలేదు. ఇటువంటి పుస్తకాలను యూనికోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వత్తులు, గుణింతాలు కలిసే చోట తప్పులు పడతాయి కాబట్టి మార్చాక మనిషి కూర్చుని దిద్దవలసిందే.